నిమ్మగడ్డి నూనె: సబ్బుకు సరే, స్నానం బకెట్‌కు వద్దు

సబ్బు, నేల తుడిచే ద్రవం, ఒళ్లు రుద్దుకునే నూనె ఇంట్లోనే చేసుకుందామనుకునేవాళ్లు చాలామంది ముందుగా లావెండర్ సీసా కొంటారు, ఆ తర్వాత టీ ట్రీ. రెండూ ఖరీదే. చవకగా దొరికే లావెండర్‌లో చాలా వరకు ఫ్యాక్టరీలో తయారైన లినలూల్ (లావెండర్ వాసననిచ్చే పదార్థం) కలిపిన సరుకే. ఒకే ఒక్క ఎసెన్షియల్ ఆయిల్, అంటే మొక్క నుంచి తీసిన గాఢమైన వాసన నూనె, కొనాలనుకుంటే 100 మిల్లీలీటర్ల నిమ్మగడ్డి నూనె కొనండి. పండేది మన దేశంలోనే, ధర తక్కువ, కొన్ని చుక్కలకే ఇల్లంతా వాసన పరుచుకుంటుంది, సబ్బులో నెలల తరబడి నిలుస్తుంది. అయితే ఇంట్లో వాడతామనుకునే పనుల్లో సగానికి ఇది పనికిరాదు. పనికిరాని ఆ సగంలోనే ఒళ్లు మంటలు, దద్దుర్లు వస్తాయి. ఈ రివ్యూ ఏ ఒక్క కంపెనీ సీసా గురించీ కాదు, ఆ నూనె గురించే.

దీని మంచికీ చెడ్డకీ మూలం ఒకటే: సిట్రాల్. మంచి నిమ్మగడ్డి నూనెలో 70 నుంచి 85 శాతం దాకా అదే ఉంటుంది. నిమ్మకాయను తలపించే ఆ ఘాటు వాసన సిట్రాల్‌దే. సబ్బులో నారింజ వాసన ఎగిరిపోయినా ఇది నిలవడానికి కారణమూ అదే. చర్మాన్ని మండించేదీ, డ్రాపర్ రబ్బరును ఉబ్బించి జిగురు చేసేదీ అదే. కొంతమందికి ఒకసారి అలర్జీ మొదలైతే ఆ తర్వాత సిట్రాల్ ఉన్న ఏ సబ్బు వాడినా దురద వస్తుంది. అందుకే చర్మం మీద ఉండిపోయే నూనెల్లో, క్రీముల్లో నిమ్మగడ్డి నూనె 0.7 శాతం దాటకూడదని ఈ రంగంలో పెట్టుకున్న హద్దు. కింద ఒంటి నూనెకు చెప్పిన కొలత దాని లోపలే ఉంది.

కొనేటప్పుడు

లేబుల్ మీద మొక్క పేరు ఉండాలి. సింబొపోగాన్ ఫ్లెక్సుయోసస్ అని ఉంటే అది ఈస్ట్ ఇండియన్ రకం, ఒకప్పుడు కొచ్చి రేవు నుంచి ఎగుమతయి కొచ్చిన్ ఆయిల్ అని పేరు తెచ్చుకున్నది. సింబొపోగాన్ సిట్రేటస్ అని ఉంటే అది వెస్ట్ ఇండియన్ రకం, పెరట్లో టీ కోసం పెంచుకునే గడ్డి సాధారణంగా ఇదే. వాసనలో పెద్ద తేడా ఉండదు కానీ, ఆల్కహాల్‌లో మొదటిది తేటగా కరుగుతుంది, రెండోది పాతబడేకొద్దీ మసకబారుతుంది. రూమ్ స్ప్రే చేయదలిస్తే మొదటిదే తీసుకోండి. లేబుల్ మీద ‘అరోమా ఆయిల్’, ‘ఫ్రాగ్రెన్స్ ఆయిల్’ అని ఉంటే అది వేరే సరుకు, పొరపాటున కూడా ఒంటి నూనెలో కలపకూడదు.

కల్తీని పట్టడానికి ఇంట్లో ఉన్నవాటిలో గట్టి సాధనం 0.1 గ్రాము చూపించే చిన్న ఎలక్ట్రానిక్ కాటా. సూది లేని సిరంజితో సరిగ్గా 10 మిల్లీలీటర్లు తీసి తూచండి. మంచి నూనె 8.7 నుంచి 9 గ్రాముల మధ్య తూగుతుంది. 9.3 దాటితే థాలేట్ లాంటి బరువైన ద్రావకం కలిపారేమో అని అనుమానించాలి. 8.5 కంటే తక్కువ తూగితే కిరోసిన్ జాతిది ఏదో పడింది. కొబ్బరి నూనె లాంటి వంట నూనె కలిపితే బరువులో తేడా తెలియదు. దానికి తెల్ల కాగితం చాలు: చుక్క వేసి ఒక రోజు వదిలేయండి. మంచి నూనె లేత పసుపు మచ్చ మిగిల్చినా కాగితం పొడిగానే ఉంటుంది, కల్తీదైతే బజ్జీలు చుట్టిన కాగితంలా జిడ్డు తేలుతుంది. ఫ్యాక్టరీ సిట్రాల్ కలిపితే మాత్రం ఈ రెండు పరీక్షలూ దాన్ని పట్టలేవు. నూనెలో ఏ పదార్థం ఎంత ఉందో విడదీసి చూపే ల్యాబ్ పరీక్ష, గ్యాస్ క్రోమటోగ్రఫీ, దాని రిపోర్టు ఒక్కటే దారి. ఆ రిపోర్టు మీద ఉన్న బ్యాచ్ నంబరు మీ సీసా మీది నంబరుతో కలవాలి. అన్ని సీసాలకూ ఒకే పాత రిపోర్టు చూపించే దుకాణం రిపోర్టు లేని దుకాణంతో సమానం.

రైతు దగ్గరే కొనడం ఇంకో మార్గం. ఔషధ, సుగంధ మొక్కల మీద పనిచేసే ప్రభుత్వ సంస్థ సీమ్యాప్‌కు హైదరాబాద్ బోడుప్పల్‌లో పరిశోధన కేంద్రం ఉంది. సుగంధ పంటల సాగును పెంచడానికి సీఎస్ఐఆర్ అరోమా మిషన్ 2017లో మొదలయ్యాక నిమ్మగడ్డి, పామారోజా (ఇంకో వాసన గడ్డి) సాగుకు ఇంకాస్త ఊపు వచ్చింది. పొలం దగ్గర ఆవిరి పట్టి తీసిన నూనె తాజాగా ఉంటుంది, వాసన ఘాటుగా ఉంటుంది. ఒక చిక్కు మాత్రం ఉంది: అందులో నీరు మిగిలిపోవచ్చు. సీసా అడుగున చిన్న చిన్న బుడగల్లాంటి నీటి చుక్కలు, లేదా నూనెలో మసక కనిపిస్తే అదే కారణం. అలాగే ఉంచేస్తే తొందరగా పాడవుతుంది. 100 మిల్లీలీటర్లకు రెండు చెంచాల సోడియం సల్ఫేట్ పొడి, తేమ లేని అన్‌హైడ్రస్ రకం, వేసి ఊపి రాత్రంతా ఉంచి, పొద్దున ఫిల్టర్ పేపర్‌లో వడకడితే తేటపడుతుంది. రంగు ముదురు ఎరుపుకు తిరిగి ఉంటే అది ఇనుప డ్రమ్ములో వండినది కావచ్చు. సబ్బుకు పర్వాలేదు, ఒంటి నూనెకు వద్దు.

సబ్బు: అసలైన చోటు

కిలో నూనెల కొలత చెప్తాను. కొబ్బరి నూనె 500 గ్రాములు, వేరుశనగ నూనె 400, ఆముదం 100. కాస్టిక్ సోడా 147 గ్రాములు, నీళ్లు 300 గ్రాములు. ఈ లెక్కలో దాదాపు 7 శాతం నూనె సబ్బుగా మారకుండా మిగులుతుంది, చర్మం పొడిబారకుండా ఉండేది దానివల్లే. అన్నీ తూకంలోనే, మిల్లీలీటర్లలో కొలిచారంటే సబ్బు చెడుతుంది. సోడా స్వచ్ఛత 98 శాతానికి తగ్గకూడదు. పైపులు శుభ్రం చేయడానికి అమ్మే పొట్లాల్లో ఇంకేం కలిసి ఉంటుందో తెలియదు, వాటిని వాడొద్దు. సోడాను నీళ్లలో వేయాలి, నీళ్లను సోడా మీద పోయకూడదు, పోస్తే కుతకుతమని పైకి ఎగజిమ్ముతుంది. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు, కిటికీ తెరిచి ఉండాలి. స్టీలు గిన్నె లేదా గట్టి ప్లాస్టిక్ జగ్గు వాడండి. అల్యూమినియం పాత్రను సోడా తినేస్తుంది, మండే వాయువు కూడా విడుదలవుతుంది.

సోడా నీళ్లూ నూనెలూ రెండూ 40 డిగ్రీల దగ్గరికి వచ్చాక కలిపి, హ్యాండ్ బ్లెండర్‌ను కొన్ని క్షణాలు తిప్పుతూ, ఆపుతూ కలపండి. గరిటెతో తీసి పోస్తే పైన గీత ఒక క్షణం నిలిచే దశ వస్తుంది, సబ్బు చేసేవాళ్లు దాన్ని ట్రేస్ అంటారు. నిమ్మగడ్డి నూనె 12 గ్రాములు అప్పుడే వేయాలి. ముందే వేస్తే సోడా ఎక్కువసేపు నేరుగా తగిలి వాసన కొంత చస్తుంది. బాగా చిక్కబడ్డాక వేస్తే సమంగా కలవక, ఒక బిళ్లలో ఘాటుగా ఒక బిళ్లలో చప్పగా వస్తుంది. 20 గ్రాములు మాత్రం ఏ పరిస్థితిలోనూ దాటించొద్దు. సబ్బు కడిగేసేదే అయినా సిట్రాల్ సిట్రాలే. నూనె పడ్డాక మిశ్రమం కాస్త తొందరగా చిక్కబడుతుంది కాబట్టి అచ్చులు ముందే సిద్ధంగా పెట్టుకోండి. ఆ విషయంలో లవంగ నూనెతో పోలిస్తే ఇది ఎంతో నయం. లవంగ నూనె కాస్త ఎక్కువైతే నిమిషంలోనే గిన్నెలో గారెల పిండిలా బిగుసుకుపోతుంది, ఇక అచ్చులో పోయడం కాదు, చేత్తో అదమడమే.

కోస్తాలో ఏప్రిల్, మే నెలల్లో చేసేవాళ్లు గమనించాల్సింది ఒకటి. విదేశీ వీడియోల్లో అచ్చును దుప్పటి కప్పి వెచ్చగా పెట్టమంటారు. మన ఎండల్లో అలా చేస్తే సబ్బు నడుమ ఉబ్బి, అగ్నిపర్వతంలా పగిలి పైకి వస్తుంది. ఏమీ కప్పకుండా ఫ్యాను కింద ఉంచండి. మర్నాడు కోసి, గాలి తగిలే చోట నాలుగు నుంచి ఆరు వారాలు ఆరబెట్టాలి. రంగు లేత వెన్నపసుపులో తేలుతుంది, అది సిట్రాల్ గుణమే, తప్పు కాదు. నీలం రంగు వేద్దామనుకుంటే మాత్రం ఆకుపచ్చగా మారుతుంది. వాసన ఇంకా ఎక్కువ కాలం నిలవాలంటే 12 గ్రాముల్లో 2 గ్రాములు తగ్గించి ఆ మేరకు వట్టివేరు నూనె కలపండి. ఖరీదే గానీ తేలిగ్గా ఆవిరి కాదు, పై వాసనను పట్టి ఉంచుతుంది.

కాస్టిక్ సోడా జోలికి పోనివాళ్లు కరిగించి పోసే గ్లిజరిన్ బేస్ (ముందే తయారైన సబ్బు గడ్డ) వాడొచ్చు. కిలోకు 8 గ్రాములు చాలు. బేస్ 60 డిగ్రీల కిందికి దిగాక వేయాలి, అంతకంటే వేడి మీద వేస్తే వంటగదికి వాసన, సబ్బుకు సున్నా. వానాకాలంలో ఈ సబ్బులు గాలిలో తేమ పీల్చుకుని చెమటలు పట్టినట్టు కనిపిస్తాయి. గట్టిపడగానే ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్టేయండి.

నేల తుడవడానికి

ఇక్కడ కూడా నిమ్మగడ్డికి మంచి మార్కులే, కానీ దేనితో కలుపుతారన్నదే ముఖ్యం. ఆన్‌లైన్‌లో కనిపించే చిట్కాల్లో మూడొంతులు వెనిగర్‌తో మొదలవుతాయి. అవి టైల్స్ ఇళ్లకు రాసినవి. తాండూరు, షాబాదు, కడప, బేతంచెర్ల బండలన్నీ సున్నపురాయి జాతివి. వెనిగర్, నిమ్మ ఉప్పు, నిమ్మరసం ఏది పడినా పైపొరను తినేస్తాయి. వారం రోజుల్లో తెలియదు, ఆరు నెలలకు పాలిష్ పోయి బండ తెల్లగా వెలిసిపోతుంది. పాలరాయికీ అంతే. అదీగాక, ఆమ్లంలో సిట్రాల్ నిలవదు. నెల రోజులు నిలవ ఉంచిన వెనిగర్ సీసాలో నిమ్మగడ్డి వాసన పోయి ఏదో మందుల వాసన మిగులుతుంది. వెనిగర్‌లో వంటసోడా కలిపే చిట్కా ఇంకా విచిత్రం: బుసబుసమని పొంగుతుంది, చూడ్డానికి బాగుంటుంది, చివరికి మిగిలేది ఉప్పు నీళ్లే.

బండలకు కుంకుడు రసం మేలు. గింజ తీసిన కుంకుడు పెంకులు 100 గ్రాములు లీటరు నీళ్లలో రాత్రి నానబెట్టి, పొద్దున 15 నిమిషాలు సన్నని సెగ మీద మరిగించి, చల్లారాక పిసికి బట్టలో వడకట్టండి. అందులో 3 మిల్లీలీటర్ల నిమ్మగడ్డి నూనె వేసి గట్టిగా ఊపితే పాలలా తెల్లబడుతుంది. గంటల్లో మళ్లీ పైకి తేలుతుంది కాబట్టి ప్రతిసారీ ఊపే వాడాలి. అలా తేలకుండా ఉండాలంటే పాలిసార్బేట్ 20 అనే ద్రవం, నూనెకు నాలుగు రెట్లు అంటే 12 మిల్లీలీటర్లు, ముందు నూనెలో కలిపి ఆ తర్వాతే రసంలో పోయాలి. వరుస మారితే కలవదు. 5 లీటర్ల బకెట్ నీళ్లకు ఈ ద్రవం 100 మిల్లీలీటర్లు పోసుకోండి. ఎక్కువ పోస్తే మెరుపు రాదు సరికదా, నేల జిగటగా మారి దుమ్ము పట్టేస్తుంది.

కుంకుడు రసం బయట రెండు రోజులు, ఫ్రిజ్‌లో వారం ఆగుతుంది. పుల్లటి వాసన, పైన పొర వచ్చిందంటే పారబోయడమే. ఎసెన్షియల్ ఆయిల్ వేశాం కదా పాడవదులే అనుకోవద్దు. 0.3 శాతం నిమ్మగడ్డి నూనె నిలవ మందుగా పనిచేయదు. ఆ లెక్కన, దీంతో తుడిచిన నేల శుభ్రంగా, సువాసనగా ఉంటుంది కానీ ఫినాయిల్‌తో తుడిచినట్టు క్రిములు చావవు. ఇంట్లో వాంతులు, విరేచనాలు ఉన్నప్పుడు బ్లీచింగ్ ద్రావణమే వాడాలి, అదీ విడిగా, వేరే బకెట్‌లో.

గ్యాస్ స్టవ్ జిడ్డుకూ, స్టీలు డబ్బాల మీద స్టిక్కర్ గమ్ముకూ నిమ్మగడ్డి బలహీనం. ఆ పనికి నారింజ తొక్క నూనె, అది లేకపోతే నీలగిరి తైలం. దూదికి రెండు చుక్కలు అద్ది, ఐదు నిమిషాలు ఉంచి తుడిస్తే గమ్ము ఊడి వస్తుంది. స్టవ్ వేడి మీద ఉండగా మాత్రం కాదు.

స్నానం బకెట్

తీవ్రంగా వద్దనాల్సింది ఇక్కడే. ‘బాత్ సాల్ట్’, అంటే స్నానం నీళ్లలో వేసే వాసన ఉప్పు, చిట్కాలన్నీ టబ్బులో పడుకుని స్నానం చేసే దేశాలవి. అక్కడ కూడా నీటిలో తేలే నూనె చర్మానికి అంటి మంట పుట్టిస్తుంది. మన స్నానం బకెట్, చెంబుతో. 20 లీటర్ల బకెట్‌లో ఐదు చుక్కలు వేస్తే అవి కలవవు, నీటి పైన చిన్న చిన్న వలయాలుగా తేలతాయి. మొదటి చెంబు పైనుంచే ముంచుతాం. అంటే వేసిన నూనెలో పెద్ద వంతు పలచబడకుండానే నెత్తి మీద, ముఖం మీద, అక్కడి నుంచి చంకల్లోకి, గజ్జల్లోకి దిగుతుంది. కంట్లో పడితే ఇక చెప్పక్కర్లేదు. రాళ్ల ఉప్పులో కలిపి వేసినా అంతే, ఉప్పు కరగగానే నూనె పైకి వస్తుంది. పాలు, తేనె కలిపినా కరిగిపోదు.

పొరపాటున మండితే నీళ్లు పోసి లాభం లేదు. ముందు కొబ్బరి నూనో నువ్వుల నూనో రాసి గుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగాలి. కంట్లో పడితే మాత్రం ధారగా 15 నిమిషాలు నీళ్లతోనే కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

స్నానాల గదిలో వాసన కావాలంటే తడిగుడ్డ మీద రెండు చుక్కలు వేసి మూల కొక్కేనికి తగిలించండి, వేడి నీటి ఆవిరికి గదంతా పరుచుకుంటుంది. పాదాలు నానబెట్టుకోవాలంటే మూడు చుక్కలను ముందు ఒక చెంచా షాంపూలో బాగా కలిపి, దాన్ని 4 లీటర్ల గోరువెచ్చని నీళ్లలో వేయండి. ఒంటికి రాసుకునే నువ్వుల నూనె 100 మిల్లీలీటర్లకు అర మిల్లీలీటరు చాలు. ముందుగా మోచేతి లోపలి వైపు కాస్త రాసి రెండు రోజులు చూడండి. ముఖానికి వద్దు. రెండేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు అసలే వద్దు.

సున్నిపిండిలో కలపడం దండగ. పిండి రేణువుల మీద పలచగా పరుచుకున్న నూనెకు గాలి తగిలి రెండు మూడు వారాల్లో వాసన పోతుంది. పాతవాళ్లు వేసే కచ్చూరాలు, ఎండు గులాబీ రేకులే దానికి సరి, అవి సంవత్సరం నిలుస్తాయి.

చుక్కలు, స్ప్రేలు, దోమలు

చుక్కల లెక్కను నమ్మొద్దు. సీసా మూతికి ఉండే ప్లాస్టిక్ బిళ్ల రంధ్రాన్ని బట్టి ఒక మిల్లీలీటరుకు 20 చుక్కలూ రావచ్చు, 35 కూడా రావచ్చు. మందుల షాపులో దొరికే 1 మిల్లీలీటరు సిరంజి సూది తీసి వాడండి. రెండు మూడు సార్లకే దాని రబ్బరు ఉబ్బి బిగుసుకుంటుంది, అప్పుడు మార్చేయాలి. ఇదే కారణంతో రబ్బరు బుడ్డి ఉన్న డ్రాపర్ సీసాలో నూనె నిలవ ఉంచకూడదు.

రూమ్ స్ప్రేకి నీళ్లు పనికిరావు. 70 శాతం ఆల్కహాల్ 98 మిల్లీలీటర్లలో 2 మిల్లీలీటర్ల నూనె కలపండి, సన్నటి పొగమంచులా చల్లే సీసాలో పోయండి. ఇది మండుతుంది. స్టవ్ దగ్గర, దేవుడి గదిలో దీపం వెలుగుతుండగా కొట్టకూడదు. పెంపుడు పిల్లి ఉన్న ఇంట్లో ఈ స్ప్రే, నూనె వాసనను గదిలో చిమ్మే డిఫ్యూజర్ రెండూ మానేయడమే క్షేమం.

దోమలకంటారా, నిమ్మగడ్డి, అదే జాతి గడ్డి నుంచి తీసే సిట్రొనెల్లా నూనె రెండూ తరుముతాయి, కానీ గంట తిరక్కుండానే ఆవిరైపోతాయి. డెంగీ రోజుల్లో వీటిని నమ్ముకుని దోమతెర మడిచి పెట్టడం ప్రమాదం.

నిలవ

100 మిల్లీలీటర్ల సీసా కొనగానే 10, 20 మిల్లీలీటర్ల ముదురు గోధుమరంగు గాజు సీసాల్లో నిండుగా పోసుకోండి. సగం ఖాళీ సీసాలోని గాలే నూనెను చెడగొడుతుంది. ప్లాస్టిక్ డబ్బాల్లో పోస్తే కొన్ని మెత్తబడి వంకరపోతాయి, పగుళ్లు వస్తాయి. ఫ్రిజ్ తలుపులో పెడితే ఏడాది, ఏడాదిన్నర మంచి వాసనతో ఉంటుంది. పిల్లలకు అందని చోట, తాళం ఉంటే ఇంకా మంచిది. నీలగిరి తైలం, కర్పూరం అయితే మరీ జాగ్రత్త, పసిపిల్లలు మింగితే మూర్ఛలు వస్తాయి.

మూత చుట్టూ జిగురు పేరుకోవడం, నూనె చిక్కబడడం, వాసన ఎండుగడ్డిలా మారడం పాతబడిన గుర్తులు. అలాంటిది సబ్బులోకీ ఒంటి నూనెలోకీ పోకూడదు, తాజాదానికంటే ఎక్కువ దద్దుర్లు పుట్టించేది అదే. మడతపెట్టిన పాత పేపర్ మీద నాలుగు చుక్కలు వేసి చెత్తబుట్ట అడుగున పరవండి, సీసా అయిపోయేదాకా ఆ పనికి వాడుకోవచ్చు.